రెండంచెల పందెము

ఆటలో ఓడిన జట్టు, ఓడిన యా దినముననే పందెము గెలిచినదని చాటఁబడుట గలదా? ఈ ప్రశ్నను అర్ధవీటి పెద్ద యొకరు నన్నడిగిరి. వారి మనుమఁడు ఫోనులో ఫుట్‌బాల్ ఆట చూచుచు, “తాతా! మన హైదరాబాదు ఓడిపోయినది, ఫైనలుకుఁ బోయినది” అని గంతులు వేసెనఁట. పిల్లవాఁడు పరిహాసమాడుచున్నాఁడో, ఆటలోనే యేదైన మోసమున్నదో తెలియక ఆ పెద్దమనిషి తికమకపడిరి. పిల్లవాఁడు చెప్పినది నిజమే. ఆటలో మోసమును లేదు. రెండు గ్రామములు గాని, రెండు పట్టణములు గాని, రెండు దేశములు గాని పోటీపడునపుడు, ఒక్క ఆటతోఁ దీర్పు చెప్పక, ఇచట నొకటి అచట నొకటి ఆడించి, రెంటిని కూడి తీర్పు చెప్పు పద్ధతి యొకటి గలదు. దానిని గుఱించి నేఁడు మనవి చేసెదను.

మొదట ఆట సంగతి. ఇది మీలోఁ బెక్కురకుఁ దెలిసినదే గనుక క్లుప్తముగాఁ జెప్పెదను. జట్టునకు 11 మంది. మైదానమునకు రెండు కొనలయందు రెండు ద్వారబంధములు నిలిపియుందురు. ఒక్కొక్కటి 8 గజముల వెడల్పు, 8 అడుగుల యెత్తు. ద్వారము గాచువాఁడు తప్పఁ దక్కిన యాటగాండ్రు ఆట సాగుచుండఁగా బంతిని చేతితోఁ దాఁకరాదు. 45 నిమిషముల చొప్పున రెండు భాగములు ఆడుదురు. బంతి ద్వారము దాఁటి లోపలఁ బడినచో ఒక గోలు. గోలు అను మాటకు బహువచనము గోళ్ళు అని చెప్పవలసి వచ్చును గాని, వినువారు చేతిగోళ్ళను తలఁచుకొందురను భయమున గోలులు అనియే వాడెదను. పాదకందుకక్రీడ యని నా సహపాఠి యొకఁడు దీనికి సంస్కృతనామము పెట్టెను. ఆ పేరుతోఁ బిలిచినచో ఏ బాలుఁడును మైదానమునకు రాఁడు.

ఈ జంట ఆటలలో ఒక్కొక్కదానిని ఇంగ్లీషువారు ‘లెగ్గు’ అందురు. లెగ్గనఁగా కాలు. పందెమునకుఁ గాలేమి యని నవ్వుకొననక్కఱలేదు. దూరప్రయాణములో ఒక మజిలీనుండి మఱియొక మజిలీవఱకు గల భాగమును వారు ఆ మాటతోఁ జెప్పుదురు. మనకు అంతకన్న మంచి మాట యున్నది, అంచె. పూర్వము టపా మోయువాఁడు ఒక యంచెవఱకుఁ బోయి సంచిని వేఱొకని కప్పగించెడివాఁడు. మొదటివాఁడు ఎంత వేగముగా నడిచినను, రెండవవాఁడు దారిలో నిదురించినచో ఉత్తరము ఆలస్యముగానే చేరును. మొదటివాఁడు కొంత ఆలసించినను, రెండవవాఁడు పరుగెత్తినచో వేళకుఁ జేరవచ్చును. సంచి యెప్పుడు చేరినదను లెక్కయే గాని ఏ యంచె ఎవరు నడిచిరను లెక్క లేదు. రెండంచెల పందెము సారమంతయు నిదియే.

ఇఁక ఆ మనుమఁడు చూచిన ఆట. ఇండియన్ సూపర్ లీగు అను పోటీ 2014లో మన దేశమున మొదలైనది. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టొకటి 2019లో అందుఁ జేరి, తొలియేట పది జట్లలోఁ గట్టకడపటిదిగా నిలిచెను. మూఁడవయేటికి, మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశపు శిక్షకుని చేతిలో, రెండవ స్థానమున కెక్కెను. మొదటి నాలుగు జట్లకు సెమీఫైనలు. అది రెండంచెలు. హైదరాబాదునకు ఎదురుపడినది కలకత్తావారి ఏటీకే మోహన్ బగాన్. 2022 మార్చి 12వ తేదీని తొలి యంచె. ముందు కలకత్తావారే గోలు కొట్టిరి. పిదప హైదరాబాదువారు ఒగ్బెచే, యాసిర్, సివేరియో అను మువ్వురచేత మూఁడు గోలులు సాధించిరి. ఆనాఁటి లెక్క 3-1. మార్చి 16వ తేదీని మలి యంచె. అందు రాయ్ కృష్ణ యను నాతఁడు కలకత్తా పక్షమున 79వ నిమిషమున ఒక గోలు కొట్టెను. హైదరాబాదువారు ఒక్కటియుఁ గొట్టలేదు. ఆ దినమున వారు ఓడిరి, సందేహము లేదు. కాని రెండు దినముల గోలులు కూడిచూచినచో హైదరాబాదునకు 3, కలకత్తాకు 2. కావున ఫైనలునకుఁ బోయినవారు హైదరాబాదువారు.

మార్కాపురపు పలక మీఁద రెండు వరుసలు వ్రాసి అడుగున గీఁత గీసి కూడినట్లే యిది. గీఁత క్రింది యంకెయే తీర్పు, పైయంకెలు తీర్పుకావు. కంభము చెఱువు మీ కందఱకు నెఱుకయే గదా. గుండ్లకమ్మయు జంపలేఱును వచ్చి యందుఁ గలియును. కట్టమీఁద నిలిచి మట్టము చూచు రైతు, ఇందు గుండ్లకమ్మ నీరెంత, జంపలేటి నీరెంత యని వేర్వేఱుగా నడుగఁడు. ఒక వాగు ఎండి, ఒక వాగు పొంగి వచ్చినను, తూము మునిఁగినదా లేదా యనుటయే వానికిఁ గావలసినది.

ఇంతకు రెండు మాఱులు ఆడింపవలసిన యవసరమేమి? ఒక్కమాఱాడి యొకరు గెలిచిన చాలదా? ఇచటనే ఈ పద్ధతియొక్క న్యాయము కనఁబడును. ఆట యాడుటకు నేల కావలయును. ఆ నేల యెవరిదో ఒకరిది. ఇంట పులి, వీధిలోఁ బిల్లి యని మనవారన్నది మనుష్యుని స్వభావమును చూచియే. గజేంద్రుని కథలో మొసలికి బలము మడుగువలన వచ్చినదే గదా. బండలాగుడు పందెములకు ఎడ్లను తోలుకొనిపోవు రైతు లిది బాగుగా నెఱుఁగుదురు. క్రొత్త యూర నీరు రుచింపదు, నేల గట్టిదో మెత్తనిదో ఎద్దుకుఁ దెలియదు, చుట్టును మూఁగిన జనము పరాయివారు. ఆటగాండ్రకును అంతే. తమ మైదానమున బంతి యెంత యెగురునో, ఏ మూల పల్లముగా నుండునో వారికిఁ గాళ్ళకే తెలియును. రాత్రి తమ యింటఁ బండుకొని తమ యన్నము తిని వత్తురు. పైగా గుమికూడినవారి కేకలు. ఈ కేకలు ఆటగాండ్రకన్న న్యాయనిర్ణేతను ఎక్కువగాఁ గదలించునని నా యనుమానము. ఎంత ధర్మాత్ముఁడైనను వేలమంది యొక్కపెట్టున అరచునపుడు ఈల ఊఁదు చేయి కొంచెము తొందరపడును.

నేల బలమెంతటిదో తెలియఁగోరువారు 1993వ సంవత్సరపు సంగతి వినవలయును. దక్షిణ అమెరికాలో బొలీవియా యను దేశము గలదు. దాని లా పాజ్ నగరము సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల యెత్తున నున్నది. అచట గాలి పలుచన. అలవాటులేనివారు పది బారలు పరుగెత్తినచో రొప్పుదురు. ప్రపంచకప్పు ప్రవేశమునకై జరిగిన పోటీలో బ్రెజిలు జట్టు అచటికిఁ బోయి 2-0గా నోడెను. నెల దాఁటిన పిదప అదే బొలీవియా జట్టు సముద్రతీరముననున్న రెసీఫె నగరమునకు వచ్చి బ్రెజిలుచేత 6-0గా నోడెను. ఒక్క లా పాజ్ ఆట చూచి తీర్పు చెప్పినచో బొలీవియా గొప్పది. ఒక్క రెసీఫె ఆట చూచి చెప్పినచో దానికి ఆట రానే రాదు. రెండును సరిగావు. ఆ బ్రెజిలు జట్టే మఱుసటియేఁడు ప్రపంచకప్పు గెలిచెను.

పరస్పరము ఒకరి నేలకు ఒకరు పోవలయునను ఏర్పాటు క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1888లో విలియం మెక్‌గ్రెగర్ అను వర్తకుఁడు పూనుకొని 12 జట్లను ఒక లీగుగాఁ గూర్చినపుడు, ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోను తన యూర నొకమాఱు, వారి యూర నొకమాఱు ఆడవలయునని కట్టడి చేసిరి. అందుఁ గారణము న్యాయమొక్కటియే కాదు. తమ మైదానమున ఆట జరిగిననాఁడు టిక్కెట్ల సొమ్ము వచ్చును. ఆ సొమ్ము ఇరువురకు సమానముగా దక్కవలయునన్న ఇరువురి యూళ్ళలోను ఆట జరుగవలయును. ధర్మము అర్థము ఒక్క త్రోవనే నడచిన సందర్భములు లోకమున అరుదు గనుకనే కాఁబోలు ఈ కట్టడి యింతకాలము నిలిచినది. 1955లో యూరపు ఖండపు జట్లన్నిటికిఁ గలిపి ఒక కప్పు ఏర్పఱచినపుడు ఫైనలు తప్ప తక్కిన మెట్లన్నిటను రెండంచెల పద్ధతినే పెట్టిరి.

మన దేశమును ఈ పరీక్షలో నిలిచినదే. 1960 రోము ఒలింపిక్సునకుఁ బోవుటకై ఇండోనేషియాతో రెండంచెలు ఆడవలసి వచ్చెను. కలకత్తాలో 4-2, జకార్తాలో 2-0. రెండు నేలలయందును మనవారే గెలిచిరి గనుకఁ గూడికతోఁ బనిలేకపోయెను. ఆ జట్టునకు శిక్షకుఁడు హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వీరి వృత్తి బడిపంతులు. ఆ మాట చెప్పునపుడు నాకుఁ గొంత గర్వము కలుగును, క్షమింపుఁడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవారు వీరే. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును వదలలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశము నాలుగవ స్థానమున నిలిచినప్పుడును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారుపతకము గెలిచినప్పుడును శిక్షకులు వీరే. 1963 జూన్ నెలలో దివంగతులైరి. ఆ యేఁటి చివరనే పొరుగుననున్న సింహళముతో మనకు రెండంచెల పోటీ వచ్చెను. కొలంబోలో 5-3, బెంగుళూరులో 7-0గా మనవారు గెలిచిరి. కొలంబోలో వారు మూఁడు గోలులు కొట్టఁగలిగిరి, బెంగుళూరులో ఒక్కటియుఁ గొట్టలేకపోయిరి. నేల చేయుపని ఇచటఁ గూడఁ గనఁబడుచున్నది. అయితే అటు పిమ్మట ఇరాను చేతిలో ఓడి మనవారు టోక్యో చేరలేకపోయిరి.

ఇప్పుడు చిక్కుప్రశ్న. రెండు దినముల గోలులు కూడఁగా సమానమైనచో నేమి చేయవలయును? ఊరి పంచాయతీలో తగవు తీర్చిన పెద్దలకు ఈ చిక్కు బాగుగాఁ దెలియును. సాక్ష్యములు రెండు ప్రక్కలను సరితూఁగినపుడే తీర్పరి బుద్ధి పరీక్షకు వచ్చునది.

మొదటి యుపాయము మఱల ఆడించుట. 1965-66లో సంతోష్ ట్రోఫీ యను రాష్ట్రముల పోటీలో మన ఆంధ్రప్రదేశ్ జట్టు కొల్లములో బెంగాలుతో ఫైనలాడి 1-1గా సమానమై, మఱల ఆడి 1-0గా గెలిచినది. ఇది ఉత్తమమైన యుపాయమే గాని, మఱల ఆడినను తెగకున్నచో? 1965 మార్చిలో లివర్‌పూల్, కొలోను జట్లకు ఇదే జరిగెను. జర్మనీలో 0-0. ఇంగ్లండులో 0-0. హాలండులోని రోటర్‌డాములో మూఁడవమాఱు ఆడఁగా 2-2. ఇఁక విసిగి, ఒకవైపు ఎఱుపు ఒకవైపు తెలుపు గల బిళ్ళను నిర్ణేత పైకెగురవేసెను. అది బురదలోఁ బడి, అటు గాక ఇటు గాక, అంచుమీఁద నిలిచెను! దైవము కూడ తీర్పు చెప్ప నొల్లలేదు కాఁబోలు. రెండవమాఱు ఎగురవేయఁగా లివర్‌పూలునకు అనుకూలముగాఁ బడెను. మూఁడు దినములు చెమటోడ్చిన 22 మంది శ్రమకు ఒక బిళ్ళ తీర్పు చెప్పుట యేమి న్యాయము? 1968లో ఇటలీ, సోవియట్ దేశముల నడుమ కూడ నాణెమే తీర్పు చెప్పెను.

రెండవ యుపాయమును 1965లో యూరపువారు ప్రవేశపెట్టిరి. కూడిక సమానమైనచో, పరాయి నేలపై ఎక్కువ గోలులు కొట్టినవాఁడు గెలిచినట్లు. దీనిలోని తర్కము మొదట బాగుగనే యుండెను. ఆ కాలమున పరదేశమునకుఁ బోవు జట్టు అలసి సొలసి పోయి, ఓడకుండిన చాలునని పదునొకండుగురును ద్వారము ముందు గుమికూడి నిలిచెడివారు. చూచువారికి విసుగు. పరాయినేలపైఁ గొట్టిన గోలునకు విలువ పెంచినచో వారును ముందునకు వత్తురని తలంచిరి. రానురాను ఫలము తలక్రిందయ్యెను. విమానములు వచ్చి ప్రయాణము సులభమయ్యెను, మైదానము లన్నియు నొక్క తీరుగాఁ దయారయ్యెను. అతిథికి భయము తగ్గి, గృహస్థునకు భయము పట్టుకొనెను. తన యింట ఒక్క గోలు పడినచో రెట్టింపు నష్టమని గృహస్థుఁడే ద్వారము మూసికొని కూర్చుండఁజొచ్చెను. కావున 2021లో యూరపువారు ఆ నియమమును తీసివేసిరి. ఒక రోగమునకు వేసిన మందు, రోగము పోయిన పిదపఁగూడ మ్రింగుచున్నచో క్రొత్త రోగమును పుట్టించుట యిట్టిదే.

మూఁడవది నేఁడు పెక్కుచోట్ల నడచుచున్నది. కూడిక సమానమైనచో మలి యంచెనాఁడే మఱి 30 నిమిషములు ఆడింతురు. అప్పటికిని తెగనిచో పెనాల్టీలు. ద్వారమునకు 12 గజముల దూరమున బంతి నుంచి, ద్వారపాలకుఁడొక్కఁడు అడ్డుగా నుండఁగా, ఒక్కొక్క జట్టునుండి ఐదుగురు వంతుల చొప్పునఁ గొట్టుదురు. అందును సమానమైనచో ఒక్కొక్కరుగాఁ గొట్టుచుఁ బోవుదురు. ఈ పద్ధతి 1970లో ఆటశాసనములకు ఎక్కెను. బిళ్ళకన్న నిది మేలు, ఏలయన ఇందు గుఱియు గుండెయుఁ గావలయును.

2023లో మన దేశపు సెమీఫైనలులు రెండును ఈ పెనాల్టీలవఱకుఁ బోయినవి. వానిని కొంచెము నిదానముగాఁ జూతము. మొదటిదానిలో హైదరాబాదునకు మఱల కలకత్తావారే యెదురుపడిరి. మార్చి 9న హైదరాబాదు గచ్చిబౌలిలో 0-0. మార్చి 13న కలకత్తా సాల్ట్ లేక్ మైదానమున 0-0. పెనాల్టీలలో కలకత్తావారు 4-3గా గెలిచిరి. రెండవదానిలో ముంబయి, బెంగుళూరు జట్లు. ఇది మఱింత విచిత్రము. మార్చి 7న ముంబయిలో బెంగుళూరువారు 1-0గా గెలిచిరి. మార్చి 12న బెంగుళూరులో ముంబయివారు 2-1గా గెలిచిరి. అనఁగా ఇరువురును తమ యింట నోడి ఎదుటివాని యింట గెలిచిరి! కూడిక 2-2. పెనాల్టీలలో బెంగుళూరువారు 9-8గా నెగ్గిరి. పరాయినేల గోలులకు విలువనిచ్చు పాతనియమము అప్పుడున్నచో ఏమగును? పరాయి నేలపై ముంబయికి రెండు, బెంగుళూరునకు ఒకటి. ముంబయి గెలిచియుండెడిది. ఆటగాండ్రు వారే, గోలులు అవియే. వ్రాఁతలోని యొక్క పంక్తి మాఱినచో గెలుపు చేతులు మాఱును. అందుచేతనే నియమములను ఆటకు ముందు చదువుకొనవలయును గాని ఆట యైన పిదపఁ గాదు.

ఈ రెండు సెమీఫైనలులలో నా కొక లోపము కనఁబడుచున్నది. లీగులో పైస్థానమున నున్న ముంబయి, హైదరాబాదు జట్లు తమ యింట తొలి యంచె ఆడినవి. మలి యంచె, దానితోఁ బెనాల్టీలును, క్రిందిస్థానపువారి యింట జరిగినవి. రెండుచోట్లను గృహస్థులే గెలిచిరి. రెండు ఆటలు రెండు నేలలపై సమానముగాఁ బంచితిమని చెప్పుకొన్నను, అదనపు 30 నిమిషములును పెనాల్టీలును ఒక్క నేలకే దక్కుచున్నవి. రెండు అంచెలు ఆటను సమముగాఁ బంచును గాని చివరిగడియను పంచలేవు. కొన్ని దేశములలో పైస్థానపు జట్టునకు మలి యంచె తన యింట నిత్తురు. అది కష్టపడి పైకి వచ్చినదానికి బహుమానము గనుక సమంజసముగాఁ దోఁచుచున్నది.

మొదట చెప్పిన 2022 పోటీలోఁ గూడ ఒక విశేషము గలదు. ఆ యేఁడు కరోనా వ్యాధి భయమున జట్లన్నిటిని గోవాలో నిలిపి, అచటనే ఆటలన్నియు నాడించిరి. హైదరాబాదు, కలకత్తా జట్ల రెండంచెలును బాంబోలిమ్ మైదానముననే, ప్రేక్షకులు లేక జరిగినవి. అనఁగా ఇంటి యాటయు లేదు, పొరుగింటి యాటయు లేదు. అయినను రెండు అంచెలు విడువలేదు. కారణము పోయినను ఆచారము నిలిచినదని నవ్వవచ్చును. కాని రెండుమాఱులు ఆడించుటలో నేలతో సంబంధములేని లాభ మొకటి కలదు. ఒకనాఁడు జ్వరమో, జాఱుపాటో, నిర్ణేత పొరపాటో ఒక జట్టును ముంచవచ్చును. రెండవదినము దానిని సరిదిద్దుకొన వీలుచిక్కును. ఫైనలు మాత్రము ఒక్క ఆటయే. ఫతోర్దా మైదానమున మార్చి 20వ తేదీని కేరళ బ్లాస్టర్సుతో 1-1గా సమానమై, పెనాల్టీలలో 3-1గా హైదరాబాదు గెలిచెను. ద్వారపాలకుఁడు లక్ష్మీకాంత్ కట్టిమణి మూఁడు బంతులను ఆఁపెను.

రెండు అంచెలున్నచో ఆడు తీరే మాఱును. తొలినాఁడు రెండు గోలుల లాభము గలవాఁడు మలినాఁడు గెలువ నక్కఱలేదు, మిక్కిలి ఓడకుండిన చాలును. హైదరాబాదువారు చేసినది అదియే. అయితే లాభము చూచి నిదురపోరాదు. 2017 ఫిబ్రవరిలో బార్సిలోనా జట్టు పారిసులో 4-0గా నోడెను. ఆ వార్త వ్రాసినవారు ఆ జట్టునకు కర్మాంతరము కూడఁ జేసివేసిరి. మూఁడు వారముల పిదప తన యింట 6-1గా గెలిచి, 6-5 కూడికతో బయటపడెను. ఆ చివరి గోలు ఆట ముగియు క్షణములలోఁ బడినది.

హైదరాబాదు జట్టు ముచ్చట మాత్రము అంతటితో సుఖాంతము కాలేదు. డబ్బుచిక్కులు చుట్టుకొని 2023-24లో మఱల అట్టడుగునకుఁ బడిపోయినది. 2025లో ఆ జట్టును ఢిల్లీకిఁ దరలించి, పేరు మార్చి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని చేసిరి. 2022లో కప్పు తెచ్చిన జట్టునకు నేఁడు గచ్చిబౌలి పరాయినేల. ఆ మనుమఁడు ఇప్పుడు ‘మన’ యని ఏ జట్టును చెప్పుకొనునో నాకుఁ దెలియదు. జట్టు సొంతదారుల సొత్తు, నేల జనుల సొత్తు. సొంతదారులు సంచి సర్దుకొని పోయినపుడు జనులకు మిగులునది ఆ యొక్క కప్పునాఁటి జ్ఞాపకమే.

గ్రామముల జట్లు అట్లు తరలిపోవు. కంభము జట్టు కంభమునదే, బేస్తవారిపేట జట్టు బేస్తవారిపేటదే. పండుగలకు మన ప్రాంతమున చెడుగుడు, వాలీబాల్ పందెములు జరుగునపుడు ఎవరి యూర నాడవలయునను మాటమీఁదనే సగము తగవులు పుట్టుచున్నవి. ఒకయూరివారు గెలిచినచో, మీ యూర నాడితిమి గనుక నోడితిమని రెండవయూరివారు ఏఁడాది పొడవున దెప్పుదురు. నేను ఉద్యోగములో నున్న కాలమున ఇట్టి పందెమొకటి, చూడవచ్చినవారు గీఁత దాఁటి లోపలికి వచ్చుటచేత, ఆట తెగకుండఁగనే కఱ్ఱలతో ముగిసెను. ఆ రెండు గ్రామముల బాలురు పిమ్మట రెండేండ్లు కలిసి యాడలేదు. మీ యూర నొకనాఁడు, మా యూర నొకనాఁడు ఆడి రెంటి పాయింట్లు కూడుదమని అప్పుడు ఎవరైన చెప్పియున్నచో, ఓడినవారికి ఆ రాత్రియే కఱ్ఱ పట్టవలసిన యవసరము లేకపోయెడిది. మఱుసటివారము తమ యూరి ఆట మిగిలియుండును గదా.

పెద్దలు మధ్యవర్తులుగా నుండి ఇట్టి పందెము కుదుర్పఁదలఁచినచో, ఇరుపక్షములవారిని కూర్చుండఁబెట్టి ఒక కాగితము వ్రాయించుట మంచిది. తొలి యంచె ఎవరి యూర నను మాట నాణెముతోఁ దేల్చవచ్చును; నాణెమునకుఁ దగిన పని అది. కూడిక సమానమైనచో మూఁడవ యాట మూఁడవ యూర జరుగునట్లు వ్రాసికొన్నచో, చివరిగడియ ఒకరి నేలకే దక్కునను లోపము కూడఁ దీఱును. నిర్ణేత రెండుదినములును ఒక్కఁడే యై, ఆ రెండు గ్రామములతోఁ బిల్లనిచ్చి పుచ్చుకొన్న సంబంధము లేనివాఁడై యుండవలయును. ఇది మన ప్రాంతమున దొరకుట కష్టమే గాని అసాధ్యము కాదు. వాన వచ్చినచో ఆట ఏ దినమునకు మాఱునో, అంతవఱకు ఆడిన పాయింట్లు నిలుచునో నిలువవో కూడ వ్రాయవలయును. వచ్చిన జట్టునకు భోజనము గృహస్థుల బాధ్యత. తొలి యంచెనాఁటి వంటకన్న మలి యంచెనాఁటి వంట తక్కువ కారాదని కూడఁ గాగితము మీఁద నెక్కింపుఁడని కొందఱు పట్టుపట్టుదురు. అది వ్రాయనక్కఱలేదని నా యభిప్రాయము.